6 అడుగుల చేపల ట్యాంకుకి హీటర్ ఎన్ని వాట్లు? ఒకటా, రెండా?

పాలకొల్లు_డిస్కస్
హీటర్ విషయంలో బుర్ర పనిచేయట్లేదు, కాస్త దారి చూపండి. మూడడుగుల ట్యాంకు తీసేసి ఈ మధ్యే ఆరడుగులది కట్టించాను. 6 బై 2 బై 2, 12 ఎంఎం అద్దం, అడుగున ఇసుక లేదు, రెండు దుంగలు, ట్యాంకు బయట ఉండే కానిస్టర్ ఫిల్టర్ ఒకటి, ఎనిమిది డిస్కస్ చేపలు. పైన మూత లేదు, లైటు వేలాడదీశాను. నవంబరు దాకా హీటర్ ఊసే ఎత్తలేదు. ఈ నెల మొదలయ్యాక పొద్దున్నే చూస్తే నీళ్లు 23 డిగ్రీలు. చేపలన్నీ నల్లబడి ఒక మూలకి చేరి తలలు కిందకి వేసుకుని నిలబడ్డాయి, మేత వేస్తే మొహం తిప్పుకున్నాయి. పాత ట్యాంకులోని 200 వాట్ల హీటర్ తెచ్చి ఇందులో వేశాను. మూడు రోజులుగా దాని లైటు ఆరకుండా వెలుగుతూనే ఉంది, నీళ్లు మాత్రం 27.5 దగ్గర ఆగిపోయాయి. నాకు 29 కావాలి.

షాపులో అడిగితే 1000 వాట్ల స్టీలు హీటర్ ఒకటి తీసి "ఇంత ట్యాంకుకి ఇదే పడాలి" అన్నాడు. మా బావ లీటరుకి ఒక వాట్ అంటాడు. నాన్నగారేమో "గోదావరి జిల్లాలో చేపలకి వేణ్ణీళ్ల స్నానమేంట్రా" అని వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వుతున్నారు. ఎవరి మాట వినాలి?

కొబ్బరితోట
నాన్నగారి మాటే వినాలి. నెల రోజుల్లో భోగి, ట్యాంకు వీధిలోకి తెచ్చి మంట పక్కన పెట్టేయ్.

గోల్డ్‌ఫిష్_పిన్ని
మా ఇంట్లో పదేళ్లుగా చేపలున్నాయి, ఏనాడూ హీటర్ పెట్టలేదు. చలికాలంలోనే ఇంకా హుషారుగా తిరుగుతాయి. అనవసరపు ఖర్చు.

ఆస్కార్_విజేత
పిన్నిగారూ, మీ పేరులోనే ఉంది కదండీ సమాధానం. గోల్డ్‌ఫిష్ చల్లనీళ్ల చేప, 20 డిగ్రీలుంటే దానికి పండగ, మన మే నెలే దానికి శిక్ష. డిస్కస్ అమెజాన్ చేప, 28 నుంచి 30 మధ్య ఉంటేనే దానికి ఆకలేస్తుంది. నా ఆస్కార్ చేపకి 24 అయినా ఫర్వాలేదు, మేత తింటుంది, మేత వేసే వేలూ తింటుంది.

గాజుపెట్టె
బావ చెప్పిందే కరెక్టు. లీటరుకి వాట్ అనేది అందరూ పాటించే లెక్క. 6x2x2 అంటే 24 ఘనపుటడుగులు, ఇంచుమించు 680 లీటర్లు. 700 వాట్లు పెట్టు, నిశ్చింతగా పడుకో.

పాలకొల్లు_డిస్కస్
680 అనేది బయటి కొలత కదా అన్నా. అద్దం మందం, పైన రెండు అంగుళాల ఖాళీ, దుంగలు తీసేస్తే నా లెక్కకి 575 లీటర్లే వస్తున్నాయి.

గాజుపెట్టె
అయితే 600 పెట్టు. దానికింత చర్చ ఎందుకు?

ఏంజెల్_అక్క
600 అంటే ఒక్కటే హీటరా? అలా అయితే వద్దు తమ్ముడూ. మాది కాకినాడ. మూడేళ్ల క్రితం జనవరిలో జరిగింది చెప్తాను. నాలుగున్నర అడుగుల ట్యాంకు, 500 వాట్ల హీటర్ ఒక్కటే. అప్పుడు నేనూ ఇలాగే ఎక్కువ వాట్లు ఉంటే మంచిదే కదా అనుకున్నాను. పెళ్లికని అన్నవరం వెళ్లి మర్నాడు మధ్యాహ్నం వచ్చాం. తలుపు తీయగానే వాసన. అద్దం నిండా ఆవిరి పట్టి లోపలేమీ కనపడలేదు. తుడిచి చూస్తే థర్మామీటర్ 37 చూపిస్తోంది, హీటర్ లైటు ఇంకా ఎర్రగా వెలుగుతోంది. పదకొండు ఏంజెల్ చేపలు, వాటిలో ఒక జంట గుడ్లు పెట్టే జంట. అన్నీ పోయాయి, రెండు నత్తలు మిగిలాయి. వేడి చాలగానే హీటర్‌ని ఆపే థర్మోస్టాట్ ఆఫ్ అవ్వకుండా అతుక్కుపోయిందట. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ భోజనం చేయలేదు. అప్పటినుంచి రెండు చిన్నవి పెడతాను, పెద్దది ఒకటి మాత్రం పెట్టను.

కొబ్బరితోట
అక్కా, పైన భోగి మంట జోకు వేసినందుకు ఇప్పుడు సిగ్గేస్తోంది.

ఏంజెల్_అక్క
ఫర్వాలేదులే. ఆ వారం మావారు వేసిన జోకుల ముందు నీది ఎంత.

వైర్‌మ్యాన్_నర్సాపురం
అక్క చెప్పింది ఎలా జరుగుతుందంటే, మామూలు గాజు హీటర్లలో లోపల రెండు లోహాలు అతికించిన పట్టీ ఒకటి ఉంటుంది. వేడికి వంగి కాంటాక్టు విడిపోతుంది, చల్లబడ్డాక మళ్లీ కలుస్తుంది. కలిసినప్పుడూ విడిపోయినప్పుడూ చిన్న నిప్పురవ్వ. వాట్లు ఎక్కువైతే కరెంటు ఎక్కువ, రవ్వ పెద్దది. ఏళ్ల తరబడి అలా కాలి కాలి ఒకరోజు రెండూ వెల్డింగ్ పెట్టినట్టు అతుక్కుంటాయి. అప్పుడు నాబ్ ఎంత తిప్పినా ఆగదు, ప్లగ్గు పీకాల్సిందే. అందుకే ఏ హీటరైనా ఎప్పటికైనా పోతుందనుకునే పెట్టుకోవాలి. పోయినప్పుడు చేపలు మిగిలేలా ఉండాలి.

రిటైర్డ్_ఫిజిక్స్
లీటరుకి వాట్ అన్నది చిన్న ట్యాంకులకి ఎవరో చెప్పిన మోటు లెక్క. పెద్ద ట్యాంకుకి సరిపడదు. ట్యాంకు పెరిగేకొద్దీ నీళ్లు పెరిగినంతగా అద్దం పెరగదు. వేడి పోయేది అద్దంలోంచీ పైనుంచీ, నీళ్ల మధ్యలోంచి కాదు కదా. పైగా ఆ లెక్కలో గది ఎంత చల్లగా ఉందనే మాటే లేదు. సిమ్లాకీ పాలకొల్లుకీ ఒకే హీటరా?

బాబూ, నీ ట్యాంకే నీకు లెక్క చెబుతుంది, ఇలా చెయ్యి. ముందు పైన మూత వెయ్యి, అద్దం పలకలైనా ప్లాస్టిక్ షీటైనా సరే. నీళ్లు 29కి వచ్చాక ఒక రాత్రి పదింటికి హీటర్ తీసేసి, ఫిల్టర్ మాత్రం నడవనియ్యి. గది ఎన్ని డిగ్రీలుందో రాసుకో. పొద్దున్న ఆరింటికి నీళ్లెంత ఉన్నాయో, గది ఎంత ఉందో మళ్లీ రాసుకో. ఆ నాలుగు అంకెలు ఇక్కడ పెట్టు, మిగతా పని నాది.

ఒక లీటరు నీళ్లు ఒక డిగ్రీ పెరగాలంటే 1.16 వాట్ అవర్లు కావాలి. నీ 575 లీటర్లకి డిగ్రీకి 667, అంటే యూనిట్‌లో మూడింట రెండొంతులు. తగ్గినప్పుడు పోయేదీ అంతే.

గాజుపెట్టె
మాస్టారూ, చేపల్ని పెట్టుకుని ప్రయోగాలా? అసలే నల్లబడ్డాయంటున్నాడు. రాత్రంతా హీటర్ తీసేస్తే తెల్లారేసరికి తెల్లమచ్చల జబ్బు వస్తుంది.

రిటైర్డ్_ఫిజిక్స్
575 లీటర్లు ఒక్క రాత్రిలో ఎంత చల్లారతాయనుకుంటున్నారు? ఒకటిన్నర, మహా అయితే రెండు డిగ్రీలు. అదీ ఎనిమిది గంటలు మెల్లగా. చలి తగిలి తెల్లమచ్చ రావడం నిజమే, కానీ అది ఉన్నట్టుండి చల్లనీళ్లు కుమ్మరించినప్పుడు. 27.5లో అతను మూడు రోజుల నుంచీ ఉంచుతూనే ఉన్నాడుగా.

ఆస్కార్_విజేత
మూత మాట ఎవరైనా ఎత్తుతారేమోనని చూస్తున్నా. పాలకొల్లూ, నీ నీళ్లు రోజుకి ఎంత తగ్గుతున్నాయి?

పాలకొల్లు_డిస్కస్
రెండు మూడు రోజులకి వేలు మందం తగ్గుతోంది. శనివారం శనివారం ఒక టిన్ను నీళ్లు పోస్తాను, ఒక్కోసారి ఒకటిన్నర టిన్ను.

రిటైర్డ్_ఫిజిక్స్
టిన్ను అంటే ఇరవై లీటర్లు కదా. ఒకటిన్నర అంటే రోజుకి నాలుగు లీటర్ల పైమాట. ఒక లీటరు నీరు ఆవిరై పోతే దానితో దాదాపు 0.67 యూనిట్ వేడి పోతుంది. నాలుగు లీటర్లకి రెండున్నర యూనిట్లు దాటింది, అంటే పగలూ రాత్రీ ఆగకుండా 110 నుంచి 120 వాట్లు. నీ 200 వాట్ల హీటర్‌లో సగం పైగా గాలిని తడపడానికే పోతోంది. అది ఎందుకు ఆరట్లేదో, నీళ్లు 27.5 దగ్గర ఎందుకు ఆగాయో అర్థమైందా?

పాలకొల్లు_డిస్కస్
వామ్మో. హాల్లో గోడకి పెచ్చులు ఎందుకు లేస్తున్నాయో కూడా అర్థమైంది.

కొబ్బరితోట
హీటర్ కొనమని అడిగితే సున్నం ఖర్చు తేలింది.

వెనామీ_బాధితుడు
భీమవరం దగ్గర చెరువులు నావి. మాకు హీటర్లు ఉండవు, చలి పడితే రొయ్య మేత తగ్గించేస్తుంది, మేమూ తగ్గించి చూస్తూ కూర్చుంటాం. ఇంట్లో అల్లుడు పెట్టిన ట్యాంకు ఉంది కాబట్టి ఒక మాట. నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ పట్టదు. 20 డిగ్రీల దగ్గర లీటరుకి 9 మిల్లీగ్రాములు పట్టే నీళ్లు 30 దగ్గర ఏడున్నరే పడతాయి. ఏంజెల్ అక్క చేపలు సగం వేడికి, సగం ఊపిరాడక పోయుంటాయి. 29లో పెంచేవాడు ఎయిర్ పంపు ఆపకూడదు. మాకు తెల్లవారుజామున ఏరేటర్ ఆగితే ఏమవుతుందో చూసినవాణ్ణి, అందుకే చెప్తున్నా.

కోనసీమ_చినబాబు
అందరికీ ఒక డౌటు. బకెట్‌లో వేసే రాడ్డు 1500 వాట్లది ఇంట్లో ఉంది. దానికి బయట టెంపరేచర్ కంట్రోలర్ పెట్టి వాడుకోవచ్చా? చవకలో అయిపోతుంది.

వైర్‌మ్యాన్_నర్సాపురం
వద్దు. వద్దు. మూడోసారి కూడా వద్దు. అది నీళ్లలో వేసి, కాగాక ప్లగ్గు తీసి, అప్పుడు చెయ్యి పెట్టే వస్తువు. ఇరవై నాలుగు గంటలూ మునిగి ఉండటానికి చేసింది కాదు. నువ్వు ట్యాంకులో రోజూ చెయ్యి పెడతావు. తుప్పు పట్టిన రాడ్డులోంచి నీళ్లకి కరెంటు వస్తే చేపలకంటే ముందు నువ్వు పోతావు.

ఇదే అదనుగా పాలకొల్లు తమ్ముడికి కూడా. హీటర్ ఏదైనా ముందు ఇంట్లో 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్, ఉందో లేదో చూసుకో, లేకపోతే ఆ ట్యాంకు ప్లగ్గులకైనా ఒకటి వేయించు. ఎర్త్ నిజంగా ఉందా లేక మూడో రంధ్రం అలంకారానికి ఉందా అనేది కూడా చూపించుకో, పాత ఇళ్లలో సగం అలంకారమే. ప్రతి వైరూ ప్లగ్గులోకి వెళ్లేముందు ఒకసారి ప్లగ్గు కంటే కిందకి వంగి మళ్లీ పైకి ఎక్కాలి, వైరు మీద జారే చుక్క ఆ వంపు దగ్గర కింద పడుతుంది, ప్లగ్గులోకి పోదు. నీళ్లు మార్చేముందు ప్లగ్గు తీసి ఇరవై నిమిషాలు ఆగు. వేడి గాజు బయటపడి దాని మీద చల్లనీళ్లు పడితే టప్పున పగులుతుంది. నాకొచ్చే కంప్లయింట్లలో ఎక్కువ అదే.

కోనసీమ_చినబాబు
సరే సరే, రాడ్డు అమ్మకి ఇచ్చేశాను.

పాలకొల్లు_డిస్కస్
అప్‌డేట్. నిన్న ప్లెక్సీ షీటు నాలుగు ముక్కలు కోయించి మూత వేశాను, మేత వేయడానికి ఒక మూల ఖాళీ వదిలాను. పాత 200 వాట్ల హీటరే. ఇవాళ సాయంత్రానికే 28.4! లైటు ఇంకా వెలుగుతోంది కానీ అంకె కదులుతోంది. ఒక చేప రంగు తిరిగింది, రెండు మేతకి వచ్చాయి.

గాజుపెట్టె
మూత వేస్తే నీటిలో గాలి ఆడదు. నాకు నచ్చదు.

వెనామీ_బాధితుడు
ఫిల్టర్ నీటిని పైన కదిలిస్తూ ఉంటే చాలు, మూత వేశామని ఊపిరాడకపోవడం ఉండదు. సీలు వేసి మూయమనలేదు కదా ఎవరూ.

పాలకొల్లు_డిస్కస్
మాస్టారూ, చేశాను. రాత్రి 10కి నీళ్లు 29, గది 24. పొద్దున్న 6కి నీళ్లు 27.5, గది 22. నాన్నగారు నాలుగింటికి లేచి హీటర్ ఆరిపోయిందని మళ్లీ ప్లగ్గు పెట్టబోతే అమ్మ ఆపింది. ఇద్దరూ నాకంటే ఎక్కువ టెన్షన్ పడ్డారు.

రిటైర్డ్_ఫిజిక్స్
అమ్మగారికి నా నమస్కారం చెప్పు.

లెక్క చూడు. తగ్గింది ఒకటిన్నర డిగ్రీ. డిగ్రీకి 667 చొప్పున 1000 వాట్ అవర్లు, సరిగ్గా ఒక యూనిట్. ఎనిమిది గంటల్లో పోయింది కాబట్టి సగటున 125 వాట్లు. ఆ రాత్రి నీళ్లు సగటున 28.25, గది సగటున 23, తేడా 5.25. 125ని 5.25తో భాగించు, దాదాపు 24. అంటే గది కంటే నీళ్లు ఒక్కో డిగ్రీ ఎక్కువ ఉండటానికి నీ ట్యాంకుకి 24 వాట్లు కావాలి. ఇదే నీ ట్యాంకు జాతకం. నీళ్లెన్ని లీటర్లనేది ఇక మర్చిపో.

మీ హాలు ఈ సంక్రాంతికి బాగా చల్లబడిన రాత్రి ఎంత ఉంటుంది? 20 అనుకుందాం. 29 కావాలి, తేడా 9. తొమ్మిది ఇరవైనాలుగులు 216 వాట్లు. దానికి రెట్టింపు ఉంటే హీటర్ సగం సేపే వెలుగుతుంది, నీళ్లు మార్చాక కోలుకోవడానికీ సత్తువ ఉంటుంది. కాబట్టి 400. ఒకటి కాదు, 200వి రెండు.

గాజుపెట్టె
300వి రెండు పెట్టుకుంటే ఏం పోయింది? ఎక్కువుంటే ఎక్కువ సేపు ఆగి ఉంటుంది, కరెంటు అంతే కాలుతుంది.

రిటైర్డ్_ఫిజిక్స్
కరెంటు అంతే అన్నది నిజం, ఒప్పుకుంటాను. తేడా అతుక్కుపోయిన రోజు తెలుస్తుంది. ఇదే ట్యాంకు, గది 23 అనుకో. 200ది అతుక్కుంటే నీళ్లు గది కంటే 8.3 డిగ్రీలు ఎక్కాక ఇక ఎక్కవు, 31 దాటి ఆగుతాయి. డిస్కస్ విసుక్కుంటుంది, చావదు. 300ది అతుక్కుంటే 12.5 ఎక్కి 35న్నర. రెండు రోజులు ఊరెళ్తే అనుమానమే. షాపువాడు చెప్పిన 1000ది అతుక్కుంటే గంటకి డిగ్రీ పైగా పెరుగుతుంది, రాత్రి పదికి మొదలైతే తెల్లారి ఆరుకి 38 దగ్గర ఉంటుంది.

అటు చూస్తే, 200లో ఒకటి చచ్చిపోయి చల్లగా ఉండిపోయినా రెండోది ఒక్కటే గది కంటే ఎనిమిది డిగ్రీలు నిలబెడుతుంది. ఎలా పోయినా చేప మిగులుతుంది.

ఏంజెల్_అక్క
ఈ లెక్క నాకు మూడేళ్ల ముందు ఎవరైనా చెప్పి ఉంటే.

గాజుపెట్టె
సరే, ఇంట్లో రోజూ చూసుకునేవాడికి 300, ఊళ్లు తిరిగేవాడికి 200 అనుకుందాం. అంతకంటే తగ్గను.

ఆస్కార్_విజేత
గాజుపెట్టె 700 దగ్గర మొదలై ఇక్కడిదాకా వచ్చాడు, ఇంకో రెండు పేజీలు ఆగితే కొవ్వొత్తి చాలంటాడు.

పాలకొల్లు_డిస్కస్
పాత 200ది నాలుగేళ్ల నాటిది. దాన్ని ఉంచి కొత్తది ఒకటి కొనాలా, రెండూ కొత్తవా? ఎక్కడ పెట్టాలి? బయటి కంట్రోలర్ కూడా కావాలా? కరెంటు పోతే ఇన్వర్టర్ మీద పెట్టొచ్చా? ప్రశ్నలు ఎక్కువైతే తిట్టుకోకండి.

వైర్‌మ్యాన్_నర్సాపురం
రెండూ కొత్తవి కొను, పాతది జబ్బు చేపల చిన్న ట్యాంకుకి దాచు. ఒకటి ఫిల్టర్ నీళ్లు వచ్చి పడే చోట, రెండోది అవతలి చివర. అడుగుకి దగ్గరగా అడ్డంగా పెడితే నీళ్లు తగ్గినా బయటపడదు, కానీ అడ్డంగా పెట్టొచ్చని దాని పెట్టె మీద రాసి ఉంటేనే. చుట్టూ ప్లాస్టిక్ జాలీ ఉన్నది చూసి తీసుకో, డిస్కస్ ఆనుకుని నిలబడి ఒళ్లు కాల్చుకుంటుంది.

కంట్రోలర్ పెడితే మంచిది. ఎస్‌టీసీ-1000 లాంటివి పది ఆంప్స్ రిలే ఉన్నవి దొరుకుతాయి, డబ్బాలో వైరింగ్ నువ్వు చేయకు, తెలిసినవాడి చేత చేయించు. కంట్రోలర్ 29, హీటర్ల నాబ్‌లు 30. రోజువారీ పని కంట్రోలర్‌ది. అది మొండికేస్తే 30 దగ్గర హీటర్లే ఆగుతాయి. హీటర్ అతుక్కుంటే కంట్రోలర్ ఆపుతుంది. రెండు తాళాలన్నమాట.

కోనసీమ_చినబాబు
కంట్రోలర్ ఉన్నవాళ్లు సెన్సర్ వైరు జాగ్రత్త. మా రబ్బరు కప్పు ఊడి సెన్సర్ బయటపడింది, ట్యాంకు వెనకాల గాలిలో వేలాడుతూ గది 22 చూపించింది. అది నీళ్లే 22 అనుకుని కాచుతూ కూర్చుంది. హీటర్ నాబ్ 34 మీద పెట్టి ఉంచాను, కంట్రోలర్ ఉంది కదా అని. వైర్‌మ్యాన్ గారు చెప్పిన రెండో తాళం నాకు లేదన్నమాట. 33 దగ్గర చూశాను కాబట్టి సరిపోయింది.

కొబ్బరితోట
రాడ్డు ఐడియా వచ్చినప్పుడే అనుకున్నా, ఇతనికి పూర్వ చరిత్ర ఉండుంటుందని.

రిటైర్డ్_ఫిజిక్స్
ఇన్వర్టర్ మీద హీటర్ వద్దు. పోయేది 125 వాట్లు, అంటే గంటకి 0.2 డిగ్రీ. నాలుగు గంటలు కరెంటు లేకపోయినా ఒక డిగ్రీ కూడా తగ్గదు. 400 వాట్లు పెడితే బ్యాటరీ నాలుగు గంటలకే పడుకుంటుంది, తర్వాత ఎయిర్ పంపూ ఆగుతుంది. ఇన్వర్టర్ మీద ఎయిర్ పంపు ఒక్కటి పెట్టు, పైన దుప్పటి కప్పు.

కొబ్బరితోట
ఈసారి జోకు కాదు. మాది అమలాపురం దగ్గర, 96 తుఫాను చూసినవాళ్లం. రోజుల తరబడి కరెంటు లేకపోతే ఏంటి మాస్టారూ?

రిటైర్డ్_ఫిజిక్స్
గ్యాస్ పొయ్యి ఉంటుందిగా. రెండు లీటర్ల సీసాల్లో వేణ్ణీళ్లు పోసి, మూత బిగించి ట్యాంకులో తేలనియ్యాలి. 70 డిగ్రీల నీళ్లతో పది సీసాలు వేస్తే ఈ ట్యాంకు సుమారు 1.4 డిగ్రీలు పెరుగుతుంది. పొద్దున్న ఒక విడత, రాత్రి రెండు విడతలు. అయినా తుఫాను రోజుల్లో మన దగ్గర ఇంత చలి ఉండదులే.

ఏంజెల్_అక్క
నీళ్లు మార్చే టైము కూడా చూసుకో తమ్ముడూ. మీ మేడమీద నల్ల ట్యాంకు నీళ్లు పొద్దున్నే పట్టుకుంటే ఐసే.

పాలకొల్లు_డిస్కస్
నేను పొద్దున్న ఆరున్నరకే మారుస్తాను అక్కా, ఆఫీసు ఉంది కదా. మున్సిపల్ నీళ్లే, బోరు ఉప్పు మాకు. అసలు ఆ నీళ్లెంత ఉన్నాయో ఎప్పుడూ చూడలేదు.

(అరగంట తర్వాత) చూశాను. 21.

రిటైర్డ్_ఫిజిక్స్
170 లీటర్లు మార్చావనుకో, 29 ఉన్న ట్యాంకు 26.6కి పడిపోతుంది. అదీ ఐదు నిమిషాల్లో. గాజుపెట్టె గారు భయపడిన తెల్లమచ్చకి దారి ఇది. ఆదివారం మధ్యాహ్నం రెండింటికి మార్చు, మేడమీద ట్యాంకు ఎండకి కాగి ఉంటుంది, ఖర్చు లేని హీటర్.

గాజుపెట్టె
ఎట్టకేలకు నా పేరు మంచి విషయంలో వచ్చింది.

గోల్డ్‌ఫిష్_పిన్ని
బోరు తియ్యగా ఉన్నవాళ్లయితే చలికాలం పొద్దున్నే బోరు వేసి పట్టుకోవచ్చు, చేతికి గోరువెచ్చగా తగులుతాయి. మా అత్తిలిలో అలాగే చేస్తాం. హీటర్ లేకపోయినా నాకూ కొన్ని తెలుసు.

ఆస్కార్_విజేత
పిన్నిగారు స్కోరు సమం చేశారు.

ఏంజెల్_అక్క
ఇంకోటి. థర్మామీటర్ ఏది వాడుతున్నావ్? అద్దం మీద అతికించే స్టిక్కర్‌ని నమ్మకు, గది చల్లగా ఉంటే అది తక్కువ చూపిస్తుంది. లోపల వేసేది కూడా ఒకసారి నలగ్గొట్టిన ఐసు, కాసిని నీళ్లు కలిపిన గ్లాసులో పెట్టి చూడు, సున్నా చూపించాలి. మా ఇంట్లో మూడింటిలో ఒకటి 2 చూపించింది.

పాలకొల్లు_డిస్కస్
నాది 0.3 చూపించింది, ఫర్వాలేదు. కొత్తవి 200వి రెండు, కంట్రోలర్ ఒకటి తెప్పించాను. షాపువాడికి మొహం చాటేసి పక్క వీధిలోంచి వెళ్తున్నాను.

కోనసీమ_చినబాబు
థర్మాకోల్ కూడా కొట్టు వెనకాల. పంటకి గడ్డి కప్పినట్టు.

పాలకొల్లు_డిస్కస్
వెనకా రెండు పక్కలా అంగుళం థర్మాకోల్ పెట్టాను, దానికంటే ముందుగా అద్దానికి నల్ల కాగితం అంటించి. అమ్మకి నచ్చలేదు, నాన్నగారికి నచ్చింది. మాస్టారి పరీక్ష మళ్లీ చేశాను. గది అంతే, ఈసారి ఎనిమిది గంటల్లో 1.1 డిగ్రీలే తగ్గింది.

రిటైర్డ్_ఫిజిక్స్
24 వాట్లున్నది 17కి దిగింది. నెల కరెంటులో నాలుగో వంతు పైగా మిగిలింది, థర్మాకోల్ షీటు ఖరీదుకి. ఇంటర్ పిల్లలకి ముప్పై ఏళ్లు ఇదే చెప్పాను, ఒక్కడూ ట్యాంకు కట్టి చూడలేదు.

పాలకొల్లు_డిస్కస్
భోగి. తెల్లవారుజామున నాలుగున్నరకి అందరూ మంట దగ్గరికి వెళ్తే నేను హాల్లో స్టూలు వేసుకుని కూర్చున్నాను. గది 19.5, ఈ చలికాలంలో ఇదే తక్కువ. నీళ్లు 28.9. ఒక గంట సేపు ఫోన్లో టైము పెట్టి కంట్రోలర్ లైటు చూశాను, మొత్తం 25 నిమిషాలే వెలిగింది. ఎనిమిది చేపలూ ముందుకి వచ్చి నన్ను చూస్తున్నాయి, మేత అనుకుని. నాన్నగారు పొగ వాసనతో లోపలికి వచ్చి ట్యాంకు అద్దం మీద రెండు చేతులూ ఆనించి అలాగే నిలబడ్డారు. ఏంటి నాన్నగారూ అంటే, "వెచ్చగా ఉందిరా" అన్నారు.

కొబ్బరితోట
ఇప్పుడు నాన్నగారి మాట విన్నట్టా, విననట్టా?

వైర్‌మ్యాన్_నర్సాపురం
మార్చి రాగానే రెండు ప్లగ్గులూ తీసి పక్కన పెట్టు. ఎండాకాలం అతుక్కుంటే 200ది కూడా చంపుతుంది.